సర్దుకోండి, సర్దుకుపోకండి

మా కెమిస్ట్రీ మేడం గారు పోయారు.

ఆ కబురు నాకు కంప్రెసర్ మోతలో వచ్చింది. రావులపాలెం అరటి మార్కెట్లో గెలలు మోసే నా మిత్రుడు ఫోన్ చేసి ఏదో అరిచాడు. "మేడం గారు రారంట" అన్నట్టు వినబడింది నాకు. సరే, క్లాసు ఆదివారం పెట్టుకుంటారని పిల్లలకి చెప్పమన్నాను. వాడు మెల్లగా, "రారు కాదురా, లేరు" అన్నాడు. మధ్యాహ్నం భోంచేసి పడుకున్నారట, మళ్ళీ లేవలేదట. వాడు ఆ వెంటనే అడిగిన మాట, మీ ఫ్యాక్టరీలో ఐసు ఉందా అని. చెల్లెలు గారు విశాఖపట్నం నుంచి బయలుదేరారు, ఆవిడ వచ్చేదాకా మేడం గారిని ఉంచాలి.

ఐసు ఉంది. ఐసు ఎప్పుడూ ఉంటుంది, నేను చేసేది అదే. కానీ ఆ ఐసు చేసే మిషను ముందు నన్ను కూర్చోబెట్టింది ఆవిడ. ఇది చదివేవాళ్ళలో చాలామందికి ఆవిడెవరో తెలియదు. తెలియకపోవడం మీ తప్పు కాదు. ఆవిడ ఫోటో ఏ హోర్డింగు మీదా పడలేదు. హోర్డింగుల మీద ఫోటోలు పడేది ర్యాంకులు తెచ్చిన పిల్లలవి, ఆ పిల్లల్ని కోళ్ళ ఫారంలో పెంచినట్టు పెంచే కాలేజీలవి. మేడం గారు చెప్పింది తప్పినవాళ్ళకి.

ఆవిడది సైకిల్ షాపు మీద రేకుల షెడ్డులో నడిచే ట్యుటోరియల్. అంతకుముందు ఒక కాలేజీలో చాలా ఏళ్ళు చెప్పారు. పెద్ద కాలేజీలు వచ్చాక ఆ చిన్న కాలేజీ మూతబడింది. ఆ పెద్దవాళ్ళు ఈవిణ్ణి పిలిచి, మీరు పాఠం మధ్యలో నవ్విస్తారంట కదా, మా దగ్గర టైము ఉండదండీ అన్నారట. నేనైతే బల్ల తిరగేసి వచ్చేవాణ్ణి. ఆవిడ మాత్రం, వాళ్ళిచ్చిన టీ బాగుంది అని చెప్పుకుని నవ్వేవారు.

నేను ఆ షెడ్డు మెట్లెక్కే నాటికి ఇంటర్ కెమిస్ట్రీ తప్పడం నాకు అలవాటైపోయింది. హైవే పక్కన రొయ్యల లారీలకు ఐసు వేసే ఫ్యాక్టరీలో దిమ్మలు లాగేవాణ్ణి. ఉప్పునీళ్ళ తొట్టిలోంచి డబ్బాలు లేపడం, దిమ్మ జార్చడం, కొక్కెం వేసి లాగడం, అదీ పని. కంప్రెసర్ తిప్పడం చూసి చూసి నాకు వచ్చేసింది. ఆపరేటరు రాని రోజున నేనే తిప్పేవాణ్ణి. అయినా ఓనరు గారు తేల్చి చెప్పేశారు, ఇంటర్ పాసైన కాగితం తెస్తే ఆ కుర్చీ నీది, తేకపోతే కొక్కెం నీది అని. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ళకు కాగితం చూపించాలట. చేతులు చూపిస్తే చాలదట. ఇరవై నిండకుండానే నా వేళ్ళు చలికి మొద్దుబారిపోవడం మొదలైంది. ఆ కుర్చీ దక్కకపోతే ముప్పై దాటేసరికి అన్నం ముద్ద కూడా తిన్నగా కలపలేనని, నాకంటే ముందు నుంచి దిమ్మలు లాగుతున్న పెద్దాయన చేతులు చూస్తే తెలిసేది.

అందుకని చదివేవాణ్ణి. పాత గైడ్లు చదివాను. బజ్జీలు కట్టిన కాగితాలు చదివాను. యూనియన్ వాళ్ళు పంచిన కరపత్రాలు మాత్రం వరస తప్పకుండా చదివాను. మొదటిరోజు క్లాసులో నా కొంప ముంచింది ఆ కరపత్రాలే.

ఆరోజు పాఠం రసాయన సమతాస్థితి. మేడం గారు బోర్డు మీద రెండు బాణాలు గీశారు, ఒకటి అటు, ఒకటి ఇటు. ఆవిడ చేతిరాత ఘోరం, బాణాలు మాత్రం బాగా వచ్చేవి. అటు వెళ్ళేది పురోగామి చర్య, ఇటు వచ్చేది తిరోగామి చర్య అన్నారు. నేను లేచి, మరి ఆ తిరోగామి చర్యని ఆపడానికి ఎవరూ ఏమీ చెయ్యరా అండీ అని అడిగాను. నా కరపత్రాల్లో తిరోగాములంటే ప్రజల శత్రువులు. కూర్చోమంటారేమో అనుకున్నాను. ఆవిడ సుద్దముక్క పక్కన పెట్టి, చాలా శ్రద్ధగా, "ఆపితే అటు పోయినవాళ్ళని వెనక్కి ఎవరు తెస్తారు కామ్రేడూ?" అన్నారు. అప్పట్నుంచి పోయేదాకా నేను ఆవిడకి కామ్రేడునే.

నేను తగ్గలేదు. సమతాస్థితి అని పేరు పెట్టారు కదా, మరి రెండువైపులా సమానంగా ఉండాలి కదా, లెక్కలో ఒకవైపు కొండంత, ఇంకోవైపు గోరంత ఉందేంటండీ అని నిలదీశాను. ఈసారి ఆవిడ నవ్వారు. నవ్వితే కుర్చీ కూడా కదిలేది ఆవిడకి. కళ్ళు తుడుచుకుని చెప్పారు, ఇక్కడ సమానంగా ఉండేది సరుకు కాదు, వేగం. అటు పోయే వేగం, ఇటు వచ్చే వేగం సమానం. అందుకే బయటికి ఏమీ మారనట్టు ఉంటుంది. అంతే తప్ప ఉన్నవాణ్ణీ లేనివాణ్ణీ సమానం చేసే పని దానికి ఎవరూ అప్పజెప్పలేదు, ఆ పని నువ్వే చూసుకోవాలి అన్నారు. ఆ ఒక్క ముక్కని నేను అన్నేళ్ళూ పరీక్షలో తప్పు రాస్తూ వచ్చానని అప్పుడు తెలిసింది. సమత అన్న మాట చూడగానే రెండువైపులా సమానం అని రాసి పారేసేవాణ్ణి, కోపంగా, అండర్‌లైన్ చేసి మరీ.

మేడం గారికి గోళీ సోడా పిచ్చి. సాయంత్రం క్లాసు అయ్యాక కింద బడ్డీ దగ్గర అందరి ముందూ నిలబడి తాగేవారు. ఆ వయసు ఆడవాళ్ళు అలా బజార్లో నిలబడి సోడా తాగడం మా వైపు ఎవరూ చూసి ఉండరు. ఆదివారం చర్చి నుంచి వస్తూ కూడా, చేతిలో పాటల పుస్తకంతోనే, ఆగి ఒకటి కొట్టేవారు. తాగాక గట్టిగా త్రేన్చి, చుట్టూ ఉన్నవాళ్ళను చూసి, "తిరోగామి చర్య" అని చెప్పేవారు. బడ్డీ అతను అది ఏదో క్రిస్టియన్ మాట అనుకున్నాడు చాలాకాలం.

ఆ సోడానే ఆవిడ ల్యాబు. షెడ్డులో వేరే ల్యాబు లేదు. ఒకరోజు నన్ను ఊకబస్తాలో కాస్త ఐసు తెమ్మన్నారు. ఒక సోడా ఐసులో పెట్టించి, ఒకటి మధ్యాహ్నమంతా రేకుల మీద ఎండలో పెట్టించారు. మొదట గోళీ కొట్టని సీసా ఒకటి ఎత్తి చూపించారు. ఏం కనిపిస్తోంది అన్నారు. ఏమీ లేదండీ, నీళ్ళు అన్నాం. "మన బస్టాండులో ఎక్స్‌ప్రెస్ బస్సు చూశారా, దిగేవాళ్ళెంతమందో ఎక్కేవాళ్ళూ అంతమంది. దూరం నుంచి చూస్తే బస్సు నిండుగా, కదలకుండా ఉన్నట్టుంటుంది. ఇదీ అంతే. గ్యాసు నీళ్ళలో దిగుతూనే ఉంది, నీళ్ళలోంచి ఎక్కుతూనే ఉంది. పైకి నిద్ర, లోపల ఎవరూ ఊరుకోరు" అన్నారు.

తర్వాత ఐసులోది కొట్టారు. చిన్నగా బుస్సుమంది, బుడగలు తాపీగా లేచాయి. ఎండలోది మా గెలల మిత్రుడి చేతికిచ్చారు, కొట్టరా అని. వాడు బలమైనవాడు, గోళీ మీద బొటనవేలు పెట్టి ఒక్క నొక్కు నొక్కాడు. సోడా అంతా లేచి వాడి మొహాన, నా చొక్కాన, బోర్డు మీద రాసిన సమీకరణం మీద పడింది. సగం పాఠం చెరిగిపోయింది. మేడం గారు కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ అక్కడే పాఠం ముగించారు. నొక్కిపెడితే గ్యాసు నీళ్ళలో ఉంటుంది, నొక్కు తీస్తే బయటికొస్తుంది, అది పీడనం. చల్లగా ఉంటే నీళ్ళలో ఉండటానికి ఒప్పుకుంటుంది, వేడెక్కితే ఒప్పుకోదు, అది ఉష్ణోగ్రత. మా వాడు మొహం తుడుచుకుంటూ, "ఆయ్, తెలిసిందండీ" అన్నాడు. ఆ సోడా దెబ్బకి వాడికి ఆ పాఠం ఈరోజుకీ మరుపు రాలేదు.

ఈ సూత్రం కనిపెట్టిన ఫ్రాన్సు శాస్త్రవేత్త పేరు మా ఎవరికీ నోరు తిరిగేది కాదు. మేడం గారు దాన్ని సర్దుబాటు సూత్రం అనమన్నారు. నలుగురు కూర్చున్న బల్ల దగ్గరకొచ్చి ఆ చివర ఇద్దర్నీ లోపలికి నెట్టేవారు. నెట్టినప్పుడు ఏం చేస్తారు? తక్కువ జాగా పట్టేలా ఒదుగుతారు. ఒక నైట్రోజన్, మూడు హైడ్రోజన్, మొత్తం నాలుగు. అవి కలిస్తే అమోనియా రెండే. కాబట్టి నొక్కితే నాలుగున్న వైపు నుంచి రెండున్న వైపుకి జరుగుతుంది. వేడి చేస్తే, ఆ వేడిని మింగే వైపుకి జరుగుతుంది. అమోనియా పుట్టేటప్పుడు వేడి వదులుతుంది కాబట్టి, వేడి పెంచితే అది వెనక్కి విడిపోవడానికి చూస్తుంది. ఏది ఇబ్బంది పెట్టిందో దాన్ని తగ్గించుకునే వైపుకి సర్దుకుంటుంది, అంతే అన్నారు.

నాకు ఆ మాటతో ఒళ్ళు మండింది. సర్దుకోవడం. పుట్టినప్పట్నుంచీ నేను విన్నది ఆ మాటే. చేతులకు తొడుగులు అడిగితే సర్దుకుపో. బూట్లు అడిగితే సర్దుకుపో. లారీలు వరసకట్టినప్పుడు అన్నానికి కూడా వదలకపోతే సర్దుకుపో. ఆఖరికి కెమిస్ట్రీ కూడా సర్దుకుపొమ్మనే చెబుతోందా అండీ అని లేచాను. గొంతు పెరిగింది నాది. క్లాసులో అందరూ నా వైపు తిరిగారు.

మేడం గారు నవ్వలేదు ఈసారి. "సర్దుకోవడం వేరు, సర్దుకుపోవడం వేరు కామ్రేడూ. సర్దుకుపోయేవాడు నొక్కినంతసేపూ పడి ఉంటాడు. ఇది చూడు, నొక్కిందాన్ని తగ్గించడానికి లోపల మొత్తం తిరగబడింది. నువ్వు తెలుగువాడివి, ఆ మాత్రం తేడా నీ భాషలోనే ఉంది" అన్నారు.

నేను కూర్చున్నాను. కూర్చుని చాలాసేపు ఆలోచించాను. నా కోపానికి అంత మర్యాదగా జవాబిచ్చిన మనిషి అంతకుముందు లేరు.

ఆవిడ మరీ దేవత అనుకోకండి. క్లాసుకి ఎప్పుడూ ఆలస్యమే. సుద్దముక్క నోట్లో పెట్టుకుని మర్చిపోయేవారు. పాటలు పాడతారు గానీ వినేవాళ్ళకే కష్టం. క్యారమ్స్‌లో మాకు తెలిసేలా మోసం చేసేవారు. నేను చదువు లేనివాణ్ణి కదా అని జాలిపడింది ఒక్కసారి కూడా లేదు. నా కంప్రెసర్లో ఐసు కట్టించే అమోనియా గురించి గొప్పగా చెప్పబోతే మధ్యలో కోసేశారు. మీ మిషన్లో అమోనియా అమోనియాగానే ఉంటుంది, ఆవిరవుతుంది, ద్రవమవుతుంది, మళ్ళీ ఆవిరవుతుంది. అది చొక్కా మార్చుకోవడం. ఇక్కడ మనం మాట్లాడేది పుట్టుక గురించి. రెండూ కలిపి రాశావంటే సున్నా పెడతారు అన్నారు. మర్నాడు మాత్రం ఐసు ఫ్యాక్టరీకి వచ్చి, ఆ చొక్కా మార్చుకోవడం ఎలా జరుగుతుందో నాతో మొత్తం చెప్పించుకుని వెళ్ళారు.

అమోనియా పాఠంలో ఇంకో గొడవ ఉంది. చల్లగా ఉంచితే అమోనియా ఎక్కువ వస్తుందని ఆవిడే చెప్పారు. మరి ఫ్యాక్టరీల్లో అంత వేడి ఎందుకు పెడతారండీ అని పట్టుకున్నాను. మరీ చల్లబరిస్తే చర్య నడవదు, నీకు మనవలు పుట్టేనాటికి ఒక బుడ్డెడు వస్తుంది అన్నారు. అందుకని చర్యని తొందరపెట్టే ఇనప ఉత్ప్రేరకం వేసి, సరుకు కాస్త తగ్గినా పని తొందరగా అయ్యేంత వేడి పెడతారు. అంటే రాజీ అన్నమాట అన్నాను, మొహం చిట్లించి. నా కరపత్రాల్లో అది తిట్టు. మా గెలల మిత్రుడు వెనక బల్ల మీంచి, "రాజీ ఏంట్రా, బేరం. మా మార్కెట్లో రోజూ చేసేదే" అన్నాడు. మేడం గారికి ఆ మాట ఎంత నచ్చిందంటే, మరుసటి బ్యాచ్ నుంచి బోర్డు మీద బేరం అనే రాశారు.

ఇక పరీక్ష. కెమిస్ట్రీ పేపరు సరిగ్గా రొయ్యలు పట్టే రోజుల్లో పడింది. ఫ్యాక్టరీ ముందు లారీలు రోడ్డు దాకా ఆగి ఉన్నాయి. పరీక్ష ముందురోజు ఓనరు గారు ఆ పూట సెలవు ఇవ్వనన్నారు. వెళ్తే మళ్ళీ రావద్దన్నారు. పరీక్ష రాస్తే పని పోతుంది, రాయకపోతే కుర్చీ పోతుంది. నేను కొక్కెం విసిరేసి నేరుగా షెడ్డుకి వెళ్ళాను. రేపు తొట్టి దగ్గర అందర్నీ పని ఆపమంటాను, రొయ్యలన్నీ కుళ్ళిపోవాలి, అప్పుడు తెలుస్తుంది అన్నాను. మేడం గారు అంతా విన్నారు. తొట్టి దగ్గర ఎంతమంది నీతో ఆగుతారు అని మాత్రం అడిగారు. నిజం చెప్పాలంటే ఎవరూ ఆగరు. పీడనం పెంచడానికి కూడా చేతిలో పిడి ఉండాలి కదా అన్నారు.

ఆ తర్వాత నా మిత్రుణ్ణి పిలిచారు. వాడికి మిగిలింది ఇంగ్లీషు ఒక్కటే, కెమిస్ట్రీ పేపరు రోజున వాడు ఖాళీ. వాణ్ణి, ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకుని మర్నాడు పొద్దున్నే ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళారట. ఓనరు గారితో, మీ అబ్బాయి బదులు మా అబ్బాయిలు లాగుతారండీ, ఒక్క దిమ్మ తగ్గితే నన్ను అడగండి అన్నారట. ఓనరు గారు, ఇదేం పద్ధతండీ అన్నారట. ఆవిడ చెప్పిన జవాబు ఇప్పటికీ మా ఫ్యాక్టరీలో చెప్పుకుంటారు. "ఇదీ సిలబస్‌లోదేనండీ. ఒకవైపు నుంచి కాస్త తీసేస్తే, రెండోవైపు నుంచి వచ్చి ఆ ఖాళీ నింపుతుంది."

ఆ పూటంతా ఆవిడ తొట్టి పక్కన సోడా పెట్టె మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నారట, చీర తడవకుండా. గెలలు మోసే అలవాటులో మా వాడు మొదటి దిమ్మ భుజానికెత్తుకున్నాడు. భుజం మీద ఐసు పెట్టుకుంటే ఏమవుతుందో వాడికి అడుగు వెయ్యకముందే తెలిసింది. అది చూసి దిమ్మలు లాగే పెద్దాయన ఏళ్ళ తర్వాత మొదటిసారి నవ్వాడని చెప్పుకున్నారు. ఆ గోల చూడటానికి బయటికొచ్చిన ఓనరు గారు మేడం గారి పక్కన నిలబడి చాలాసేపు పెద్దాయన చేతులు చూశారట. తర్వాత నెలలో మా అందరికీ తొడుగులు వచ్చాయి. ఎందుకొచ్చాయో ఓనరు గారు చెప్పలేదు, మేడం గారిని అడిగితే, ఆయనలో వేడి తగ్గింది, మన వైపు జరిగింది అన్నారు.

నేను ఆ పూట హాల్లో ఉన్నాను. పీడనం, ఉష్ణోగ్రత ప్రభావాల మీద ప్రశ్న వచ్చింది. సమానం అన్న మాట దగ్గర ఆగాను, సరుకు కాదు, వేగం అని రాశాను. పాసయ్యాను. గొప్పగా కాదు, పాసయ్యాను. కుర్చీ వచ్చింది. ఓనరు గారి మీద కోపం పోయిందా అంటే పోలేదు. ఇంకా చాలా అడగాలి, అడుగుతాను. పిడి ఎక్కడుందో చూసుకుని అడుగుతాను.

మేడం గారికి ఐసు నేనే తీసుకెళ్ళాను. అంత స్వచ్ఛమైన దిమ్మలు ఏ రొయ్యలకీ పోసి ఉండం. ఇల్లు పట్టనంత మంది వచ్చారు. అరటి మార్కెట్ వాళ్ళు, చర్చివాళ్ళు, పాత బ్యాచ్‌ల వాళ్ళు, సోడా బడ్డీ అతను. వరండాలో బల్లల మీద ఎవరో ఒకరు, కాస్త సర్దుకోండి, కాస్త సర్దుకోండి అంటూనే ఉన్నారు. ప్రతిసారీ నేనూ నా మిత్రుడూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఒకసారి నవ్వొచ్చేసింది. చెల్లెలు గారు చూసి ఏంటి బాబూ అంటే చెప్పాం. ఆవిడ కూడా నవ్వారు, అక్క నవ్వే.

తర్వాత పెట్టిన సభలో ఒక పెద్దాయన, ఆవిడను కాలేజీకి పిలిచి టీ ఇచ్చి పంపినవాళ్ళలో ఒకాయన, మైకు పట్టుకుని మేడం ఒక ఉత్ప్రేరకం వంటివారు అన్నారు. నాకు కూర్చున్న చోటే మండింది. మేడం గారైతే ఆ వాక్యం కింద ఎర్రగీత గీసేవారు. ఉత్ప్రేరకం చర్య అయ్యాక మొదట ఎలా ఉందో అలాగే మిగులుతుంది. మేడం గారు అలా మిగిలారా? మా దగ్గర బేరం నేర్చుకున్నారు, దిమ్మ జార్చడం నేర్చుకున్నారు, నా కరపత్రాలు చదివి ఎర్రసిరాతో అచ్చుతప్పులు దిద్దిచ్చారు. మాతో కలిసి మారిన మనిషిని పట్టుకుని ఉత్ప్రేరకం అంటే సున్నా మార్కులు. లేచి ఆ మాటే చెప్పాను. గట్టిగానే చెప్పాను. వెనక బల్లల మీద చప్పట్లు మొదలయ్యాయి.

సభ అయ్యాక సోడా బడ్డీ అతను పిలిచి ఒక సీసా ఇచ్చాడు. ఆవిడ కోసం ఆ సాయంత్రానికి పక్కన పెట్టి ఉంచిందట. వద్దన్నా వినలేదు. దాన్ని తెచ్చి కంప్రెసర్ రూములో, పీడనం చూపే ముల్లు పక్కన అర మీద పెట్టాను. కొట్టలేదు. మిషను తిరిగినంతసేపూ అర అదురుతుంది, సీసా సన్నగా టకటకమంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు, ఏంటండీ అందులో అని అడుగుతారు. నీళ్ళు కదలకుండా, తేటగా, ఒక్క బుడగ లేకుండా ఉంటాయి. లోపల ఎవరూ ఊరుకోలేదు.